ప్రకటన ఇచ్చినవారి నాటకం

2000వ సంవత్సరం. సింగపూర్‌లో ఎవరిని కదిపినా డాట్‌కామ్ మాటే. నేను పనిచేసే ఇంగ్లిష్ ఉచిత వారపత్రికను వెబ్‌సైట్లు నడిపే ఒక కంపెనీ కొనేసింది. అందులో కళల పేజీ నాది. పెద్ద దినపత్రికలు తొంగి చూడని చిన్న నాటకాలు, నాట్యాలు, చిత్ర ప్రదర్శనల గురించి రాసేదాన్ని. ఆ పేజీ అంటే నాకు ప్రాణం.

పత్రికాఫీసులో డమ్మీ అని ఒకటుంటుంది. పేజీకి ముందుగా గీసుకునే నమూనా అది. అందులో మొదట ప్రకటనలు కూర్చుంటాయి, మిగిలిన చోటే మా రాతలకు. కొత్త మేనేజర్ వచ్చిన వారమే నా డమ్మీ చేత్తో పట్టుకుని వచ్చి, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లిష్‌లో అడిగాడు.

"ప్రకటన లేని పేజీ ఎందుకు లా? నాటకాలవాళ్లనే ఇమ్మను. ఇవ్వకపోతే ఇక్కడ కొత్త సెల్‌ఫోన్ల గురించి వేద్దాం."

నాకు ఒళ్లు మండింది. అయినా పేజీ పోతుందని నాటకాలవాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

మొదటి ప్రకటన సరోజా ఆంటీ ఇచ్చింది. మలేషియాలో పుట్టిన తెలుగావిడ, సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్ అనే పేటలో ఉండేది. షిప్‌యార్డులో పనిచేసే మన కుర్రాళ్లను పోగేసి, వాళ్లకున్న ఒక్క ఆదివారం సెలవులోనే రిహార్సల్ చేయించి, తెలుగు నాటకాలు వేయించేది.

వెళ్లి చూశాను. మొదటి సగం అదిరిపోయింది. క్రేన్ నడిపే అబ్బాయి కోపిష్టి మామగా వేస్తే హాలంతా పడీపడీ నవ్వింది. రెండో సగం మాత్రం ఒకటే సాగదీత. ఎవర్నీ చిన్నబుచ్చకూడదని ఆంటీ ట్రూపులో ప్రతివాడికీ ఒక పెద్ద డైలాగు పంచింది. ఒకడి తర్వాత ఒకడు ముందుకొచ్చి అప్పజెప్పి వెళ్తుంటే కథ ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు.

రెండు సంగతులూ రాశాను. మేనేజర్ ప్రూఫ్ చూసి ముఖం చిట్లించాడు.

"ఆవిడ మన క్లయింట్. ఆ పేరా తీసెయ్."

"తియ్యను. కావాలంటే పేజీయే తీసెయ్యండి."

"ఆవిడ ప్రకటన ఆపేస్తే నిజంగానే తీసేస్తాను" అని, పేరా అలాగే ఉంచి అచ్చుకు పంపాడు.

పత్రిక వచ్చిన రెండు రోజులకు ఆంటీ నేరుగా ఆఫీసుకే వచ్చింది. మేనేజర్ పరుగున ఎదురెళ్లి, "సారీ ఆంటీ, ఈసారి బాగా రాయిస్తాం" అన్నాడు.

"సారీ ఎందుకు? పొగడ్డానికి ఇంట్లో మా ఆయన ఉన్నాడు, ఊరికే పొగుడుతాడు. దానికి మీ పేపరెందుకు?" అని ఇంగ్లిష్‌లో అతనికి చెప్పి, నా వైపు తిరిగి తెలుగులోకి దిగింది.

"డైలాగులు కోస్తే పిల్లలు అలుగుతారని ఇన్నాళ్లూ నా భయం అమ్మాయ్. ఇప్పుడు పేపర్లో పడిందిగా, ఇక నీ పేరు చెప్పి కోసేస్తాను. వచ్చే నెల బుకిట్ బటోక్‌లో మళ్లీ వేస్తున్నాం. దానికీ ప్రకటన వేసుకోండి."

ఆవిడ మాటలకు మేనేజర్‌కి అర్థం చెప్తుంటే నాకు నవ్వాగలేదు.

రెండో ప్రదర్శనకి వెళ్తే చివరిదాకా ఎవరూ కదల్లేదు. అయ్యాక ఒక నటుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "నా డైలాగు తీయించింది మీరేనంట గదా మేడమ్. మస్తు కోపమొచ్చింది. కానీ ఇయ్యాల చప్పట్లు ఆగనేలేదు" అన్నాడు.

తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది. పత్రిక ఇంకొకరి చేతికి వెళ్లి మూతపడింది. అప్పటిదాకా నా పేజీలో ప్రకటన కోసం రాసిన వాక్యం ఒక్కటీ లేదు. యజమాని ఎవరైనా కానీ, బాగాలేదని చెప్పే ధైర్యం ఉన్నచోటే బాగుందన్న మాటను జనం నమ్ముతారని ఆ నాటకం నాకు నేర్పింది. ఈ సంగతి మాత్రం ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.