వైర్లమ్మ పట్టిన గ్రహం

ఆసుపత్రిలో ఆమెను అందరూ వైర్లమ్మ అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లు ఈసీజీ గదిలో మనుషుల ఛాతీకి వైర్లు తగిలించి, గుండె గీసే గీతను కాగితం మీదికి రప్పించిన మనిషి. డాక్టరు వచ్చేలోగానే గీత చూసి, "ఈయన్ని కదపకండి" అని నర్సుకు చెప్పేది. ఆమె నోట ఆ మాట వచ్చిందంటే అందరూ పరుగులు పెట్టేవారు. ఆమె కంటి మీద అంత గురి.

తరవాత కొత్త యంత్రం వచ్చింది. గీత గీయడమే కాదు, దాని అర్థం కూడా అడుగున అచ్చువేసి ఇచ్చేస్తుంది. అందరూ చప్పట్లు కొట్టి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి వైర్లమ్మను ఇంటికి పంపేశారు. ఇంట్లో కూర్చున్న ఆరు నెలలూ ఆమె కుక్కర్ మీద విసుక్కుంది, కిటికీల మీద విసుక్కుంది, తన మానాన తాను పేపరు చదువుకునే మొగుడి మీదా విసుక్కుంది. యంత్రం చదవగలిగినదాన్నేనా తను ఇన్నేళ్లూ గొప్పగా చదివింది? ఈ ప్రశ్న ఆమెను లోలోపల తినేస్తూ ఉండేది.

అది చూడలేక ఆడపడుచు ఆమెకు ఒక పని అంటగట్టింది. ఆవిడ బడిలో సైన్సు టీచరు. దూరపు నక్షత్రాల వెలుగు గ్రాఫులను మామూలు జనానికి ఇచ్చి చూడమనే ఒక బృందంలో వదినను చేర్పించింది. నక్షత్రానికి అడ్డంగా గ్రహం వెళితే వెలుగు రవ్వంత తగ్గి గ్రాఫులో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలను పట్టుకోవాలి, అంతే.

"ఇది ఈసీజీయే కదే!" అంది వైర్లమ్మ మొదటి గ్రాఫు చూడగానే.

"అయితే వీటి మీద పడు వదినా. మా అన్నయ్య కాస్త ఊపిరి పీల్చుకుంటాడు."

నిజంగానే పడింది. మూడో నెలలో ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం గ్రాఫు వచ్చింది. మన సూర్యుడిలో సగం కూడా లేని చిన్న నక్షత్రం. ఇరవై ఏడు రోజుల గీతలో మూడు గుంటలు, తొమ్మిదేసి రోజుల ఎడంతో. తొమ్మిది రోజులకోసారి తిరిగే గ్రహమని బృందం తేల్చేసింది.

వైర్లమ్మ గ్రాఫును ప్రింటు తీసింది. తెల్లకాగితం అంచును గుంటల కింద పెట్టి పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. గుండె మరీ నిదానంగా కొడుతున్నట్టు కనిపిస్తే రెండు దెబ్బల నడుమ ఇంకొకటి దాక్కుందేమో చూడాలి. ఈసీజీ గదిలో మొదటి వారమే నేర్చుకున్న సంగతి అది. కాగితాన్ని సగం దూరం జరిపింది. సరిగ్గా అక్కడ గీత తెగి ఉంది. మళ్లీ జరిపింది, అక్కడా తెగింది. మూడోచోటా అంతే. ఒకసారైతే పోనీలే అనుకోవచ్చు, ముచ్చటగా మూడుసార్లా?

"ఇక్కడ గీతను కోసింది ఎవరు?" అని బృందం పెద్దకు రాసింది.

ఒకచోట ఈ గ్రాఫులు తీసే ఉపగ్రహం భూమికి సమాచారం పంపే పనిలో ఉందట. మిగతా రెండుచోట్లా నక్షత్రం మంటలు చిమ్మిందట. ఎర్ర మరుగుజ్జులకు ముక్కు మీద కోపం, ఉన్నట్టుండి భగ్గుమంటాయి. అలాంటి చోట్లను యంత్రం చెత్త కింద లెక్కగట్టి కత్తిరించేస్తుంది.

"పేషెంటు కదిలాడని కాగితం చింపేస్తారా ఎవరైనా?" అని వైర్లమ్మ మండిపడింది. కత్తిరించని గ్రాఫు తెప్పించుకుంది. మంట దిగే వాలులో సన్నటి నొక్కు ఒకటి కనిపించింది. సరిగ్గా ఆమె కాగితం చూపిన చోటే.

బృందం పెద్ద నమ్మలేదు. అయినా ఒక్క అవకాశం ఇచ్చాడు. గురువారం మూడు గంటలపాటు, భూగోళానికి అవతలివైపున్న టెలిస్కోపు. అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున పది. పదీ నలభైకి గుంట పడితే గ్రహం నాలుగున్నర రోజులకే చుట్టి వస్తున్నట్టు. పడకపోతే ఆమె మాట కొట్టేసి ముందుకు వెళ్లిపోతారు.

ఆ గురువారం ఆడపడుచు బడికి సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరూ వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. నిమిషానికో చుక్క వస్తోంది. పదిన్నర దాటాక చుక్కలు దిగాల్సింది పోయి పైకి ఎగిరాయి. నక్షత్రం భగ్గుమంది!

"మన అదృష్టం బాలేదు. ఇక ఆపేద్దాం," అని పెద్ద నుంచి మెసేజ్ వచ్చింది.

వైర్లమ్మ ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. గబగబా టైపు చేసింది: "పేషెంటు కదిలితే వైర్లు పీకేయం. సర్దుకునేదాకా రికార్డు నడుపుతాం. దయచేసి ఆపకండి."

"నక్షత్రాన్ని పట్టుకుని పేషెంటు అంటావేంటి వదినా!"

"ఇప్పుడు దిద్దుతూ కూర్చోనా? పంపేశా!"

రెండు నిమిషాల తరవాత, "సరే, మన టైము అయ్యేదాకా ఉంచుతాను" అని వచ్చింది.

మంట చల్లారుతోంది. చుక్కలు మెల్లగా దిగి పాత మట్టానికి వచ్చాయి. అక్కడ ఆగలేదు, ఇంకా కిందికి దిగాయి. దిగి, అక్కడే బల్లపరుపుగా సాగాయి. అరగంట గడిచింది. ఆడపడుచు ఆమె మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. పన్నెండూ పదికి ఒక చుక్క పాత మట్టం వైపు పైకి లేచింది. దాని వెనక ఇంకొకటి, మరొకటి.

"లేచిందే! లేచింది!" వైర్లమ్మ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

ఆ చప్పుడుకు ఆమె మొగుడు ముఖం నిండా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు! గ్రహం దొరికింది, మీరెళ్లి గడ్డం గీసుకోండి!"

వారం తిరక్కుండా బృందం నుంచి లెక్కలతో ఉత్తరం వచ్చింది. భూమికి రెండున్నర రెట్లు వెడల్పు, నెప్ట్యూన్ కంటే చిన్నది. నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరుగుతోంది కాబట్టి మూడు వందల డిగ్రీల సెగ.

"అంత వేడిలో పురుగు కూడా బతకదట వదినా. ఇంత కష్టపడీ ఏం లాభం?"

"నయమే. బతికేవాళ్లుంటే వాళ్లకీ ఈసీజీ తియ్యమనేవాళ్లు."

ఆడపడుచు నవ్వుతూనే ఉత్తరంలో మిగిలిన ముక్క పైకి చదివింది. మంటలున్నాయని యంత్రం ఇలాగే కత్తిరించేసిన గ్రాఫులు ఇంకా నాలుగు వందలు ఉన్నాయట. వాటిని చదవగలిగే మనిషి తమ దగ్గర లేరట. ఎన్ని పంపమంటారని అడిగారు.

వైర్లమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"అన్నీ పంపమను," అంది.