ఆలస్యం చేసిన నష్టం

పోయిన సోమవారం పొద్దున వార్డులో ఒకామెను లేపి నిలబెడుతుండగా ఫోన్ వచ్చింది. మా ఎముకల సార్ జనగామలో, తన ఇంట్లోనే కన్నుమూశారట. ఫిజియోథెరపిస్టుగా ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

బయ్యారం నుంచో మొగుళ్లపల్లి నుంచో తుంటి విరిగిన ముసలామె వస్తే, సార్ ఎక్స్‌రే చేతిలో పట్టుకునే మంచం పట్టీ మీద కూర్చునేవారు. "పడకముందు ఎట్ల నడుస్తుంటివి అవ్వా? చేనుకాడికి పోతుంటివా, వాకిట్లనే తిరుగుతుంటివా?" అని అడిగేవారు. పసరు కట్టుతో ఎన్నాళ్లు ఇంట్లో ఉందో కూడా అడిగేవారు. చేనుకు నడిచిన ఆమెనూ, గడప దాటని ఆమెనూ ఒకే గాటన కట్టి ఏ వైద్యం మంచిదో తేల్చడం అన్యాయమనేవారు. మేం లోలోపల విసుక్కునేవాళ్లం. ఆయన మాత్రం జవాబు వచ్చేదాకా లేచేవారు కాదు.

మా ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్లకు వారానికి ఒకటే రోజు. రోజూ చేయాలని సార్ పట్టు. ఆలస్యం వల్ల నష్టముందో లేదో తేల్చడానికి ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లెక్కలు కట్టే దగ్గర, రోజూ ఆపరేషన్లు వద్దనే మా పెద్ద డాక్టరు తెలివి చూపించాడు. వయసు, షుగరుతో పాటు, ఆసుపత్రిలో చేరాక వచ్చిన వీపు పుండ్లు, నిమోనియా కూడా అందరికీ సమానంగా ఉన్నట్టు లెక్క సరిచేయించాడు. ఇంకేముంది, ఆలస్యం వల్ల నష్టమేమీ లేదని తేలిపోయింది.

సార్ గొంతు పెంచలేదు. "పడకముందున్నయి లెక్కల పెట్టుర్రి. ఆపరేషన్ కోసం ఎదురుచూసుకుంట పండుకుంటే వచ్చిన పుండ్లు ఎట్ల తీసేస్తరు? ఆలస్యం చేసిన నష్టమే గది" అన్నారు.

"ఎన్ని ఎక్కువ విషయాలు లెక్కలోకి తీసుకుంటే అంత మంచిది కదా సార్" అని పెద్ద డాక్టరు నవ్వాడు.

సార్ తన పేరు తీసేయమని చెప్పి బయటికొచ్చేశారు. వ్యాసం అచ్చయింది. వారానికి ఒకటే రోజు ఖాయమైంది. ఆ తర్వాత వార్డులోకి వచ్చినప్పుడల్లా, "నష్టం లేదట గదా, జర పక్కకు తిప్పుర్రి" అంటూ, మంచంలో ఉన్నామెకు పుండ్లు పడకుండా తిప్పడానికి తానే ముందుగా చేయి వేసేవారు. ఆ మాటలో ఎంత చేదుందో మాకే తెలుసు.

బుధవారం సంతాప సభ. అదే పెద్ద డాక్టరు ఫొటోకు దండ వేసి, ఆ అధ్యయనం సార్ మనకిచ్చిన కానుక అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. సభ అయ్యేదాకా కూడా ఉండలేక వార్డుకు వెళ్లిపోయాను.

ఘనపూర్ నుంచి వచ్చిన అవ్వ ఒకామె మేలుకొని ఉంది.

"ఇయ్యాల ఆపరేషన్ అన్నరని బుక్కెడు బువ్వ తినలే బిడ్డా. ఎవరో సారు పోయిండట గదా, మల్ల వారం చేస్తరట" అంది.

సార్ మీది గౌరవంతో ఆ రోజు ఆపరేషన్లు ఆపేశారు.

"మంచోడేనా బిడ్డా గా సారు?" అని అడిగింది.

ఆమె టిఫిన్ గిన్నె మూత తీశాను. అన్నం గట్టిపడి ఉంది. ముద్ద చేసి పట్టుకుంటే, పడుకునే నోరు తెరిచింది.