ఎక్కేవాళ్ళు ఎక్కితేనే

రాజోలు మెకానిక్ రాఘవులుకి ఒకటే పిచ్చి. కారు ముందు షాకబ్జార్బర్లు మార్చాక, అందులో తిరగబోయే మనిషిని ఎక్కించి కూర్చోబెడితేగాని ఆఖరి నట్టు బిగించడు. ఓసారి పెళ్ళికారు కోసం పెళ్ళికూతుర్ని పీటల మీంచి లేవమని తన్నులు తినబోయాడు.

అయినా సత్యదుర్గారావు అక్కడికే వెళ్ళాడు. తండ్రి నూకయ్య పాత అంబాసిడర్ని ముట్టుకునే మెకానిక్ ఇంకొకడు లేడు మరి. నూకయ్యకి కిడ్నీలు పోయాయి. అమలాపురంలో డయాలసిస్. వేరే కారు ఎక్కడు, ఇందులో ఎక్కితే గతుకులకి ఒళ్ళు హూనం. "ఇంక రాను, ఇంట్లోనే పోతాను" అని మొన్న మానేశాడు. ఇవాళ కూడా మానేస్తే దక్కడన్నాడు డాక్టరు. పైగా మూడు రోజులుగా ముసురు.

"నాన్నగారిని తీసుకురండి," అన్నాడు రాఘవులు.

"ఆయన లేవలేకపోతున్నాడు మహాప్రభో! ఓ బియ్యం బస్తా పెట్టి బిగించెయ్."

"బియ్యం బస్తా డయాలసిస్‌కి వెళ్తుందేటండీ? చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే, దింపేసరికి కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్షులు మెలిపడిపోతాయండి. ఎక్కే బరువుకే బిగించాలండి."

దుర్గారావు పళ్ళు నూరుకుంటూ, పక్క వీధిలోని ఇంటి నుంచి తండ్రిని చక్రాల కుర్చీలో గొడుగు కింద తోసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. రాఘవులు కారు కిందికి దూరాడు.

"నూకయ్యగారూ, ఈ కారులో మొదట ఎవర్ని ఎక్కించేరండీ?"

నూకయ్య కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

"మాట్లాడండి, బరువు కుదురుకుంటుంది."

"నోటికీ బరువుకీ సంబంధమేంట్రా?"

"ఉందండీ!"

"మా ఆవిడ రాజ్యాన్ని. పురిటికి," అన్నాడు నూకయ్య విసుగ్గా. మళ్ళీ తనే అందుకున్నాడు. "ఆస్పత్రి దాకా ఆగితేనా, ఈ వెధవ వెనక సీట్లోనే పుట్టేడు. దాని కేకలకి కంగారుపడి, తాటిపాక దాకా ఒకే గేరులో తోలేను."

పోయిన తల్లి గురించి ఆయన నోటివెంట ఒక్క మాటైనా వచ్చి మూడేళ్ళయింది. దుర్గారావు కారుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"అయిందా?" అన్నాడు కాసేపటికి, కారు కిందికి వినబడేలా.

"రెండు నిమిషాలండీ."

ఆ రెండు నిమిషాలూ ముప్పావుగంటయ్యాయి. ఆస్పత్రి టైమైపోతోందని మండిపడి దుర్గారావు వంగి చూశాడు. రాఘవులు గోనె మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద చేతులేసుకుని నూకయ్య కబుర్లు వింటున్నాడు.

"నట్టెప్పుడో బిగించేనండి," అన్నాడు గుసగుసగా. "నాన్నగారు మాటల్లో పడ్డారు, ఆయన్ని మాత్రం దింపకండి."

కోపమంతా దిగిపోయి, దుర్గారావుకి ఆ గ్రీజు చేతులు పట్టుకోవాలనిపించింది.

"ఒరేయ్, ఎలాగూ ఎక్కి కూర్చున్నాను. అమలాపురం పోనీ!" అన్నాడు నూకయ్య.

"ఆయ్, ఆగండాగండి! నేనింకా కిందే ఉన్నానండి బాబోయ్!"

"స్పానర్ చప్పుడాగి అరగంటైంది. పనైపోయినోడివి అక్కడేం చేస్తున్నావురా?" అన్నాడు నూకయ్య.