కరెంటు పోయిందని చెప్పిన మధ్యాహ్నం

మొన్న నల్లగొండ నుంచి ఒక సంఘం వాళ్లు అచ్చు కాగితం ఒకటి పంపించారు. వచ్చే నెల నాకు శాలువా కప్పుతారట. ఆ సభలో పంచే కరపత్రంలో నా గురించి ఎనిమిది వాక్యాలు రాసి, తప్పులుంటే దిద్ది పంపమన్నారు. నా వయసు రెండేళ్లు తక్కువ వేశారు. దాన్ని అలాగే ఉంచాను. మా ఊరి పేరులో ఒక వత్తు ఎగిరిపోయింది, దాన్ని పెట్టాను. అయిదో వాక్యం దగ్గర కలం ఆగింది. 'గురువంటూ లేకుండా, కేవలం స్వయంకృషితో, గిటారుపై తనదైన ఎడమచేతి బాణీని సాధించిన' అని ఉంది. రాసినవాళ్ల తప్పేమీ లేదు. ఇరవై ఏళ్లుగా అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పిన మాటే అది. మూడు రోజులుగా ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టి గుండ్రటి మరక కూడా చేశాను. ఇక దిద్దక తప్పదు. కరపత్రంలో చోటు చాలదు కనుక ముందు ఇక్కడ రాస్తున్నాను.

మాది హుజూర్‌నగర్‌కు నాలుగు కోసుల దూరంలో ఒక పల్లె. ఇంటింటా మేకలు, గొర్లు. అరవైల చివర నేను చదువు పేరుతో నల్లగొండ చేరి, చదువు కన్నా ఎక్కువగా ఒక పాటల బృందం వెంట తిరిగాను. పెండ్లిళ్లలో, గణపతి మంటపాల ముందర పాటలు వాయించే బృందం అది. దాన్ని నడిపించే ఆయన దర్జీ. షేర్వానీలు కుట్టడంలో ఆయనకు ఎంత పేరో, మా తప్పులు పట్టడంలోనూ అంతే. ఆయన్ని మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. సికింద్రాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతుంటే ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొచ్చారు. దానికి తోడు ఒక బరువైన డబ్బా. తీగతో గిటారును ఆ డబ్బాకు కలిపితేనే చప్పుడు. నల్లగొండలో అలాంటిది నాకు తెలిసి మరొకటి లేదు. అది నా చేతికి వచ్చిందంటే నా గొప్ప కాదు. బృందంలో మిగిలినవాళ్లందరి చేతుల్లోనూ అప్పటికే ఏదో ఒక వాద్యం ఉంది.

గిటారు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎడమచేతి వేళ్లు తీగలను నొక్కుతాయి, కుడిచెయ్యి మీటుతుంది. ప్రతి స్వరాన్నీ విడిగా మీటితే పాట ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. గొంతుతో పాడినట్లు స్వరాలు ఒకదాంట్లోకి ఒకటి జారాలంటే, ఒక్కసారి మీటి, తరవాతి స్వరాలను ఎడమచేతి వేళ్లతోనే పలికించాలి. వేలితో కొడితే ఒక స్వరం, వేలు గీకి తీస్తే ఇంకో స్వరం. ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పేశాను గాని అప్పుడు నాకు ఈ సంగతే తెలియదు. నా ఉంగరపు వేలు, చిటికెన వేలు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా ఊరికే నిలబడి ఉండేవి. ఒకరోజు ఉస్తాద్ కుట్టుమిషన్ ఆపి అందరి ముందూ అన్నారు: "అరే, ఏందిరా గిది? మేక పెంటికలు రాలినట్టు ఒక్కొక్కటే రాలుస్తున్నవ్! పాట వాయించుమంటే మందను తోలుతున్నవా?"

అందరూ నవ్వారు. మా ఇంట్లో మేకలున్న సంగతి ఆయనకు తెలియదు. నేను బృందంలో ఎవరికీ చెప్పలేదు. మాది వ్యవసాయం అని చెప్పుకున్నాను. ఆ మాట నాకెందుకంత గుచ్చుకుందో వాళ్లకెలా తెలుస్తుంది?

వేసవి సెలవుల్లో ఉస్తాద్ ఆ గిటారును నా చేతికిచ్చి, "పో, శేతి ఏళ్లు సాపు చేసుకొని రా" అన్నారు. డబ్బా మాత్రం ఇవ్వలేదు. ఇచ్చినా లాభం లేదు, మా ఊరికి కరెంటు లేదు. కరెంటు లేని ఊళ్లో ఎలక్ట్రిక్ గిటారు ఎంత మాట్లాడుతుందో ఊహించుకోండి. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. నేను పాటంతా వాయించాక మా అవ్వ, "అయిపాయెనా? షురువు జేసినవనే అనుకోలే బిడ్డా" అన్నది. పక్కింటాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, స్నానానికి పీటగా పనికొస్తుందని తేల్చాడు. అందరూ వెళ్లాక మా బావ ఒక్కడే మిగిలాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకన్నా ఆరేళ్లు పెద్ద. చిన్నతనంలో మేకలకు మండలు కొట్టడానికి తుమ్మచెట్టెక్కి పడ్డాడు. కుడిచెయ్యి విరిగితే, అతికించేవాడు వెదురుబద్దలు పెట్టి గట్టిగా కట్టాడు. కట్టు గట్టిగా ఉంటే ఎముక గట్టిగా అతుకుతుందని ఇంటివాళ్లు కూడా మెచ్చుకున్నారట. కట్టు విప్పేసరికి చెయ్యి ఎండిపోయింది. అప్పటినుంచి అన్ని పనులూ ఎడమచేత్తోనే. రోజూ పొద్దునా సాయంత్రం ఇరవై మేకల పాలు ఆ ఒక్కచేత్తో పిండేవాడు.

ఆయన గిటారును ఒళ్లో పెట్టుకొని, ఎండిన చేత్తో అదిమిపట్టి, చెక్క మీద దవడ ఆనించాడు. మీటడానికి చెయ్యి లేదు గదా, ఎడమచేతి వేలితో తీగ మీద ఊరికే ఒక దెబ్బ కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు.

"బామ్మర్ది, గుద్దినా పలుకుతాంది గిది!"

"మీటంది ఎట్ల పలుకుతది బావా?"

"నీ శెవులు పట్నంల మరిశొచ్చినవా? గీడ ఆనిచ్చి ఇను."

నేను చెక్కకు రెండో పక్క చెవి ఆనించాను. ఇద్దరం ఒక చెక్కకు అటొకరు ఇటొకరు తల ఆనించి కూర్చుంటే మా మేనత్త చూసి, "ఏమాయెర మీకు?" అని పరుగెత్తుకొచ్చింది. కాని నేను విన్నాను. సన్నగా, ఎముకలో నుంచి వస్తున్నట్లుగా, తీగ పలుకుతోంది. వారం తిరిగేసరికి బావ నాలుగు వేళ్లతో ఒక పాట మొత్తం పలికించాడు. ఎక్కడ ఒక స్వరం ముగిసి ఇంకొకటి మొదలైందో పట్టుకోలేకపోయాను. అంత మెత్తగా ఉంది.

ఎలా అని అడిగితే మేకను చూపించాడు. "పాలు పిండుతాంటె ఏళ్లన్ని ఒక్కపారి మూస్తరా? మీది ఏలు ముందు మూస్తం, ఆయెనుక రెండోది, మూడోది, శిటికెనేలు ఆఖరుకు. ఒక్కపారే మూస్తే పాలు మళ్ల మీదికే పోతయి. గోరు తగిలితే మేక తంతది. గంతే, ఇండ్ల ఇల్ము, విద్దె ఏం లేదు." మర్నాటి నుంచి నా పాఠాలు మేకల దొడ్లో జరిగాయి. ఎడమచేత్తో పిండాలి, ధార మధ్యలో వణకొద్దు. మొదటి మూడు రోజులూ చెంబులో పాల కన్నా నా లుంగీ మీద పాలే ఎక్కువ. ఒక నల్లమేక నన్ను తన్ని, వెనక్కి తిరిగి చూసి మరీ ఇంకోసారి తన్నింది. "దానికి సంగీతం తెలుసుర బామ్మర్ది, అపశ్రుతి ఓర్సుకోదు" అని బావ నవ్వాడు. నెల గడిచేసరికి నా ఉంగరపు వేలికి, చిటికెన వేలికి ప్రాణం వచ్చింది.

సెలవులు అయిపోయే ముందు బావ ఒకే ఒక్కటి అడిగాడు. "గా కరెంటు డబ్బాకు పెడితే బయటికి ఇనొస్తదంటివి గద. జర ఒక్కపారి నాతోని వాయింపియ్యి. నేనేం వాయిస్తున్ననో దవడ బొక్కలకెల్లి తప్ప శెవులతోని ఇన్నదే లేదు." తప్పకుండా అన్నాను. మేం దగ్గరలో ఎక్కడ వాయించినా కబురు పెడతానని మాటిచ్చాను.

నల్లగొండలో నేను వాయించింది విని ఉస్తాద్ నోట్లోని గుండుసూదులు కింద రాలాయి. "వారెవా! ఎవరు నేర్పిన్రు బేటా?" అని అడిగారు. మా బావ అని చెప్పాలి. చెబితే, మీ బావ ఏం చేస్తాడంటారు. మేకలు. ఆ పెంటికల మాట మళ్లీ లేస్తుంది, మళ్లీ అందరూ నవ్వుతారు. "ఎవ్వరు నేర్పలే ఉస్తాద్, నేనే" అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆయన నా వీపు తట్టి అందరినీ పిలిచి చూపించారు. ఆ తట్టడం నాకు బాగుంది. దాచనక్కరలేదు, చాలా బాగుంది.

తరవాతి ఎండాకాలం హుజూర్‌నగర్‌లో ఒక రైసుమిల్లు ఆవరణలో పెండ్లికి మమ్మల్ని పిలిచారు. నేను కబురు పెట్టలేదు. మా ఊరి నుంచి వడ్లు తెచ్చినవాళ్లెవరో చెప్పారట, బావ నాలుగు కోసులు నడిచి మధ్యాహ్నానికి వచ్చాడు. తలకు రుమాలు, మోకాళ్ల దాకా దుమ్ము. స్టేజీ మీద నేనొక్కణ్నే తీగలు సరిచేసుకుంటున్నాను. ఉస్తాద్, మిగతావాళ్లు పదడుగుల అవతల చెట్టుకింద చాయ్ తాగుతున్నారు. 

"బామ్మర్ది, సాయంత్రం దాక ఉండ. మేకలు పిండాలె, మా అవ్వతోని గాదు. జర గిప్పుడే ఒక్కపారి..." అంటూ డబ్బా వైపు చూశాడు.

ఆయన వేళ్లు ఒక్కసారి ఆ తీగల మీద నడిస్తే చెట్టుకింద చాయ్ గ్లాసులు ఆగిపోతాయి. ఉస్తాద్ లేచి వస్తారు. నాది అనుకున్నది ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు గుక్కెడు నీళ్లు తాగేంత సేపు కూడా పట్టలేదు. డబ్బా వెనక చెయ్యి పెట్టి, గిటారును దానికి కలిపే తీగను పీకేశాను.

"కరెంటు పోయింది బావా."

"అట్లనా. ఎప్పుడొస్తదో?"

"తెల్వది. ఒక్కోపారి రాత్రయితది."

పట్టపగలు, దీపాలు వెలిగే వేళ కాదు. కరెంటు లేని ఊరివాడు ఎలా కనిపెడతాడని నా ధీమా. బావ గిటారు అడిగి తీసుకొని, కుర్చీలో కూర్చొని, ఎప్పటిలాగే చెక్కకు దవడ ఆనించి వాయించుకున్నాడు. ఏం వాయించాడో నాకు తెలియదు. నేను రెండో పక్క చెవి ఆనించలేదు. అయిదు నిమిషాల తరవాత గిటారు నా చేతికిచ్చి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"గాలి సల్లగుంది బామ్మర్ది. పోయొస్త" అన్నాడు.

ఆయన గేటు దాటిపోయాక మిల్లు గుమాస్తా వచ్చి, ఆ కుర్చీ పెండ్లికొడుకుదని, పక్కనున్న ఫ్యాన్ జరపాలని అన్నాడు. అప్పుడు చూశాను. కుర్చీకి మూరెడు దూరంలో టేబుల్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. అది పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడుకు నా చెవులు అలవాటు పడిపోయి నాకది గుర్తే లేదు. బావ అయిదు నిమిషాలూ దాని గాలిలోనే కూర్చున్నాడు. కరెంటు లేని ఊరివాడైనా ఆ ఫ్యాన్ దేంతో తిరుగుతుందో తెలియనంత అమాయకుడు కాడు.

ఆ సాయంత్రం నేను బాగా వాయించానని అందరూ అన్నారు.

తరవాత ఎన్నోసార్లు కలిశాం. బావ ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. డబ్బా గురించి మళ్లీ అడగలేదు. కాకపోతే, ఇంట్లో మనిషిని అడిగినట్లు "గిటారు మంచిగున్నదా?" అని మాత్రం ప్రతిసారీ అడిగేవాడు. మంచిగున్నది బావా అనేవాణ్ని. కొన్నేళ్లకు మా ఊరికి కరెంటు వచ్చింది, మా మేనత్త ఇంట్లో బల్బు వెలిగింది. అప్పటికి నాకు సొంత గిటారు, సొంత డబ్బా ఉన్నాయి. బస్సు మీద వేసుకొని పోతే ఒక పూట పని. పోయే ప్రతిసారీ, ఈసారి బరువు ఎందుకులే, వచ్చేసారి తెద్దాం అనుకునేవాణ్ని. బరువు డబ్బాది కాదని నాకు తెలుసు. బావ పోయి ఆరేళ్లయింది. పచ్చకామెర్లు. పోయేదాకా తన వాయింపును తన చెవులతో వినలేదు.

అయిదో వాక్యం కొట్టేసి, 'ఎడమచేతి వాయింపును మేకలు కాసుకునే తన మేనబావ వద్ద నేర్చుకున్నాడు' అని రాశాను. సంఘం వాళ్లు వేస్తారో లేదో చూడాలి. మా ఊరికి కరెంటు చాలా ఆలస్యంగా వచ్చిందని మావాళ్లు ఇప్పటికీ అంటుంటారు. నిజం నా నోటికి రావడం కంటే ముందే వచ్చింది.