గడ్డపార దాచుకున్న నాలుగు మాటలు

దేశపు జట్టులో పదకొండేళ్లు రగ్బీ ఆడిందన్న మాటేగానీ, ఆవిడ బంతి పట్టుకుని పరుగెత్తగా చూసినవాళ్లు తక్కువ. ఆవిడది ముందువరస. అవతలి జట్టుకి భుజం ఆనించి, తల దూర్చి, వాళ్లని వెనక్కి నెట్టడమే పని. అందుకే తోటి ఆటగత్తెలు గడ్డపార అని పేరు పెట్టారు. సొంత అక్క కూడా అలాగే పిలుస్తుంది, ఏం చేస్తాం!

ఆట మానేశాక కుట్టుపని నేర్పే బడిలో టీచరుగా కుదురుకుంది. అంతా బాగానే ఉందనుకుంటే, ఈమధ్య మెడలో టేపు ఉండగానే టేపు కోసం వెతుకుతోంది. మొన్న ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. ఇది వయసా, ఆటలో తలకి తగిలిన దెబ్బల ఫలితమా? అది తేలితేగానీ ఆవిడకి మనసు కుదుటపడేలా లేదు.

అక్కను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ పది మాటలు చదివి, కాసేపు వేరే కబుర్లు చెప్పి, వాటిని మళ్లీ చెప్పమంది. ఆరు వచ్చాయి. ఆటగత్తెలకి ఏటా ఇదే పరీక్ష పెట్టేవారు కాబట్టి, గడ్డపార జట్టు ఆఫీసు నుంచి తెచ్చిన పాత కాగితంతో పోల్చి చూసింది.

"మొదటి ఏడాది కూడా ఆరేనండీ! మీకేమీ తగ్గలేదు."

"హమ్మయ్య! అనవసరంగా హడలగొట్టావు కదే," అంది అక్క సంచీ అందుకుంటూ.

గడ్డపార కదల్లేదు. లేచి వెళ్లిపోతే హాయిగా ఉండేది. తెలుసుకోవాలన్న యావ ఊరుకోనిస్తేనా!

"అప్పుడు కావాలనే తక్కువ చెప్పానండీ. మా సీనియర్లు నేర్పారు. ముందే తక్కువ చెప్పి ఉంచితే, తలకి దెబ్బ తగిలాక తేడా కనబడదు, ఆట నుంచి తీసెయ్యరు. ఒకసారి దెబ్బ తిని లేచి, మాదే అనుకుని అవతలి జట్టు బల్ల మీద కూర్చున్నాను. పరీక్ష పెడితే ఆరు వచ్చాయి. మళ్లీ ఆడించారు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది అక్క, సంచీ మళ్లీ కింద పెట్టి.

"అసలు ఎన్ని గుర్తుండేవి?" అంది డాక్టరమ్మ.

"పదీ."

అక్క వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయింది.

"ఇవాళ నేను చెప్పలేకపోయినవి ఏవండీ?" అని అడిగింది గడ్డపార.

"గొడుగు, నిచ్చెన, ఉప్పు, వంతెన."

గడ్డపారకి పౌరుషం వచ్చింది. "అవి మీరు చదవనేలేదు కదండీ! అక్కా, నువ్విక్కడే ఉన్నావుగా, నువ్వైనా చెప్పు."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"చదివారు తల్లీ. నేను విన్నాను."