అట్టముక్క వెనకాల ఒక్క నిమిషం

మామగారు పోయాక అత్తమ్మ వైరాలోని బావగారింటి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. చేతిలో బట్టల సంచి ఇంకా దించనే లేదు, "అమ్మాయ్, నా ఓటు ఈడికి మార్పియ్యి" అంది. ఎలక్షన్లు ఎప్పుడో ఏమో, ఈమెకు అప్పుడే ఓటు తొందరేమిటా అని నవ్వుకున్నాను. రోజూ పొద్దున చాయ్ గ్లాసు అందుకుంటూ అదే మాట. ఆ పోరు పడలేక ఫోన్లో అడ్రస్ మార్పుకు దరఖాస్తు పెట్టాను. మా ఊరి ఓట్ల పని చూసే అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చి, కాగితాలు చూసి, అత్తమ్మతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లింది. కొన్నాళ్లకు కొత్త కార్డు పోస్టులో వచ్చింది.

ఎలక్షన్లు ప్రకటించాక ఆ టీచరే ఇంకో ఫారం పట్టుకొచ్చింది. ఎనభై అయిదేళ్లు దాటినవాళ్లు కావాలంటే ఇంట్లోనే ఓటు వేయవచ్చట, సిబ్బందే వస్తారట. మా ఆయన ముఖం వెలిగిపోయింది. మా ఇంట్లో మూడు ఓట్లూ ఒకే గుర్తుకు పడతాయని ఊళ్లో మాటిచ్చి వచ్చాడు మరి.

"మంచిగైంది. సంతకం పెట్టమ్మా. ఈ ఎండల ఏం పోతవ్?"

"నేను బడికాడికే పోత."

"సంతకం పెట్టినంక బూత్‌ల వెయ్యనియ్యరు, ఆలోచించుకోరి" అంది టీచరు.

"అందుకే పెట్టనంటున్న."

మా ఆయన బతిమాలాడు, కసిరాడు. ఆమె ముసుగుతన్ని పడుకుంది. మొండితనంలో తల్లీకొడుకులు ఒకరికొకరు తీసిపోరు, మధ్యలో నలిగేది నేను. టీచరు వెళ్లాక నాకూ విసుగొచ్చి, "ఇంటికే వస్తమంటే ఎందుకొద్దంటరు అత్తమ్మా?" అని అడిగాను.

"ఇంట్ల నాకు జాగేదే? నా మంచం హాల్ల ఉంది. టీవీ చూసేటోళ్లు చూస్తనే ఉంటరు, వచ్చేటోళ్లు వస్తనే ఉంటరు. ఆడ అట్టముక్క అడ్డం పెడ్తరు సూడు, దాని ఎనకాల ఒక్క నిమిషమన్న నన్నెవ్వరు సూడరు."

ఏమైనా సరే, ఈమెను బూత్‌కు తీసుకుపోయి తీరాలని అప్పుడే అనుకున్నాను.

పోలింగ్ రోజు మా ఆయన, "అమ్మా, మేం ముందు పోయొస్తం, నిన్ను ఎండ తగ్గినంక సాయంత్రం తీస్కపోత" అన్నాడు.

"మనకాడ నాలుగింటికే బంద్ చేస్తరు" అంది అత్తమ్మ, అప్పటికే చెప్పులేసుకుని. అడవి ఊళ్లలో పోలింగ్ తొందరగా ముగిస్తారని ఆయనకు తెలియక కాదు. నాకు ఒళ్లు మండింది. నేనే వెళ్లి ఆటో పిలుచుకొచ్చాను. ఆయన గొణుక్కుంటూ ఎక్కాడు.

బడిలో పెద్దావిడ అని ముందుకు పంపారు. వేలికి సిరా పెట్టించుకోగానే మా ఆయన అడ్డం వచ్చాడు. "మా అమ్మకు చూపు ఆనదు సార్, తోడు నేను పోత." చూపు లేనివాళ్ల వెంట ఒకరు వెళ్లే వీలుంది.

ఆఫీసరు అత్తమ్మను అడిగాడు. "గుర్తులు కనపడ్తయా అమ్మా?"

"అవ్, కనపడ్తయి. నీ అంగీకి గుండీ ఒకటి ఊడింది, చూసుకో."

లైన్లో వాళ్లంతా నవ్వారు. ఆఫీసరు చొక్కా తడుముకుని, మా ఆయన్ను వెనక్కి పొమ్మన్నాడు. అత్తమ్మ ఒక్కతే అట్ట వెనక్కి వెళ్లింది. ఎంతకీ మిషన్ చప్పుడు లేదు. చివరికి కీమని మోత వినపడింది. అయినా ఆమె వెంటనే రాలేదు, నింపాదిగా కొంగు సర్దుకుని వచ్చింది. తరువాత మేమిద్దరమూ వేశాం.

తిరుగు దారిలో ఆయన ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు. "మనదానికేనా అమ్మా?"

"మీ నాయన ఉన్నన్నేండ్లు ఆయన చెప్పినదానికే ఏసిన. ఇయ్యాల నాకు నచ్చినదానికి ఏసిన. ఏదని అడగకు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు."

పెళ్లయినప్పటి నుంచి ప్రతి ఎలక్షన్‌కూ, ఆయన అడగకముందే చెప్పేదాన్ని.

"నన్ను గూడ అడగకండి" అన్నాను.