రెండే చప్పట్లు

జపాన్‌లో ఒక కొండమీది షింటో గుడి మెట్లు ఊడ్చే హిసానోకు డెబ్బై ఆరేళ్లు. నడుము వంగింది. తలకు తువ్వాలు చుట్టుకుని, చీపురు నేలమీద, చూపు వచ్చేపోయేవాళ్లమీద పెట్టి తిరుగుతుంది. ఆ గుడిని ఏదో కార్టూన్ సినిమాలో చూపించినప్పటినుంచి కుర్రకారు రైళ్లెక్కి వస్తున్నారు. సినిమాలో పిల్ల మూడు చప్పట్లు చరిచి మొక్కుతుందట. ఆ గుడిలో తరతరాలుగా రెండే. వచ్చినవాళ్లంతా మూడు చరుస్తుంటే హిసానో ఒక్కొక్కరినీ ఆపి సరిదిద్దుతుంది.

నిన్న పొద్దున ఒక పిల్ల అలాగే మూడు చరిచింది. "రెండు చాలమ్మా, మా దేవుడికి చెవుడు లేదు," అంది హిసానో. పిల్ల తల వంచుకుంది. "తెలుసు బామ్మగారూ. మా చెల్లికి ఆ సినిమా ప్రాణం. అచ్చం అందులోలాగే మొక్కి రమ్మంది. పదింటికి దానికి గుండె ఆపరేషన్." హిసానో ఆ చెల్లి పేరు, వయసు, ఆస్పత్రి, డాక్టరు ఎలాంటివాడో అన్నీ అడిగింది. తర్వాత చీపురు గోడకానించి, దేవుడి ముందు రెండుసార్లు వంగి, మూడు చప్పట్లు చరిచింది.

వెనక నిలబడ్డ ఊరి పెద్దాయన గొణిగాడు. "రెండే కదా హిసానో గారూ?"

"ఆపరేషన్ అయ్యేదాకా మూడండీ," అంది, ఆయనకు దారి ఇస్తూ. "మీరూ చరవండి."